మింగిన మూడో గ్లాసు

1879 జనవరి 23, గురువారం, ఉదయం తొమ్మిది దాటి పది నిమిషాలకు పుదుచ్చేరి దొర మొదటి గ్లాసు ద్రాక్షసారా నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించాడు. కళ్లు మూసుకుని తల ఒకసారి ఊపాడు. ఆ తర్వాత పక్కకు వంగి మట్టిమూకుట్లో ఉమ్మేశాడు.

ఆరడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డ కొండలయ్య అది చూశాడు.

ఇంతవరకు జరిగింది ఇది. ఉదయగిరి కొండ కింద కార్విల్ దొర ద్రాక్షతోటకు కొండలయ్య తోటమాలి. దొర పటాలంలో డాక్టరు పని చేసి మానుకున్న మనిషి. తోటలో పద్నాలుగు వరసల తీగ ఉంది. రెండేళ్ల కరువులో బావి అడుగంటితే కొండలయ్య, అతని భార్య కోటమ్మ కడవలతో నీళ్లు మోసి దాన్ని బతికించారు. కిందటి వేసవిలో కోతకు వచ్చింది. మూడు పీపాలు నిండకపోతే తీగలు కొట్టించి నీలిమందు వేయిస్తానని దొర చెప్పి నీలగిరి కొండలకు వెళ్లాడు. రెండే నిండాయి. అప్పుడు కొండలయ్య కొండమీది దుర్గానికి పోయే దారి పట్టాడు. సగం దూరంలో, ఊట దగ్గర, పడిపోయిన గోడమీద ఒక ద్రాక్షతీగ ఉంది. ఎవరు నాటారో తెలియదు. కొండమొత్తం మీద అదొక్కటే. దాని పండ్లు తొమ్మిది కావళ్లు దించి మూడో పీపా నింపాడు. ఈ సంగతి కోటమ్మకు తెలుసు. దొర బట్లరు వరప్రసాదానికి తెలుసు, తొమ్మిదో కావడి మోసింది అతనే కనుక. కార్విల్ దొరకు తెలియదు.

పుదుచ్చేరి దొర సారా వర్తకుడు. వాళ్ల దేశంలో ద్రాక్షవేళ్లకు పురుగు పట్టి తోటలు పోతున్నాయి. పనికొచ్చే తీగ ఇంకెక్కడైనా ఉందేమోనని బండిమీద ఊళ్లు తిరుగుతూ ఆత్మకూరు మీదుగా ఉదయగిరి చేరాడు. ఆయన బాగుందంటే తోట ఉంటుంది. బాగాలేదంటే సోమవారం నుంచి గొడ్డళ్లు దిగుతాయి. కొండలయ్య కాపురం ఉంటున్న గుడిసె కూడా తోటలోదే. కార్విల్ దొర ఈ మాట బుధవారం సాయంత్రం చెప్పాడు.

చెప్పింది వరప్రసాదం నోటితో. కార్విల్ దొరకు వచ్చిన తెలుగు మూడు మాటలు: తీసుకురా, వద్దు, తొందరగా.

“ఏందిరా అది? ఉమ్మినాడే!” అన్నాడు కొండలయ్య, పెదవులు కదపకుండా.

వరప్రసాదం బల్లమీద గుడ్డ సర్దుతూ దగ్గరికి జరిగాడు. “నిదానం మామా. అది వాళ్ల పద్ధతి. మింగితే నాలిక మొద్దుబారతాదంట. అందుకని రుచి చూసి ఉమ్ముతారు.”

“నువ్వు తాగినావా, నీకు తెలిసేదానికి?”

వరప్రసాదం తాగలేదు. కిందటి ఆగస్టులో బాప్తిస్మం తీసుకున్న రోజు అతను రెండు మాటలిచ్చాడు. సారా ముట్టనన్నాడు. అబద్ధమాడనన్నాడు. మొదటిమాట వల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

“పద్ధతి అంటివే,” అన్నాడు కొండలయ్య. “ఆ బండి తోలే శీనయ్య ఏం చెప్పినాడో ఇన్నావా? ఆత్మకూరు బంగళా కాడ ఇదే దొర ఈతకల్లు ముంత ఎత్తి గటగటా తాగినాడంట. ఒక్క చుక్క కింద పోనీలేదంట. ఆడ లేని పద్ధతి ఈడ ఏడనించి వచ్చింది?”

“అది నాకు తెలియదు మామా,” అన్నాడు వరప్రసాదం.

పందిరి కింద బల్ల, రెండు కుర్చీలు, ఆరు గ్లాసులు, ఒక రొట్టె, ఒక పింగాణీ పళ్లెం ఉన్నాయి. పుదుచ్చేరి దొర ఒక చిన్న పుస్తకంలో ఒక్క పంక్తి రాసుకున్నాడు. తర్వాత పళ్లెం కోసం చెయ్యి చాచాడు. పళ్లెంలో చీజు ఉంది. ఆయన దాన్ని పుదుచ్చేరి నుంచి డబ్బాలో తెచ్చుకున్నాడు. ఎండకు పాడవకుండా రాత్రంతా కుండలో పెట్టి బావిలో వేలాడదీశారు. రెండు రకాలు. ఒకదానికి పైన ఎర్రమైనం పూసి ఉంది. దాన్ని ఒలిచి, చాకుతో ముక్క కోసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మింగాడు.

బావి దగ్గర మోట ఎద్దులను నిలిపి కోటమ్మ ఇదంతా చూస్తోంది. ఉమ్మేదానికి మూకుడు ఇమ్మని అడిగితే ఆమె ఇంట్లోది ఇవ్వలేదు. ఎద్దుల కుడితి మూకుడు కడిగి ఇచ్చింది.

“ఉమ్మేదానికి అంత దూరం నించి బండి కట్టుకోని రావాల్నా?” అంది ఆమె, గొంతు తగ్గించకుండా. “ఆడనే ఉమ్ముకోని ఉంటే ఎద్దులకైనా సుఖముండేది.”

“అత్తా, మెల్లగా,” అన్నాడు వరప్రసాదం.

“వాళ్లకు తెలుగొచ్చా ఏంది? నువ్వు చెప్తేనే గదా తెలిసేది. నువ్వు మెల్లగా ఉండు. ఆ కట్టెలు కొట్టే మస్తానయ్య ఇంకా కొండ దిగలా. దొరలు నీళ్లు పోసుకునేదానికి పొయ్యిలో పుల్ల లేదు. ఎండుదో పచ్చిదో దొరికింది కొట్టుకోని రమ్మని నిన్ననే కబురు పెట్టినా. తెల్లారి రావాల్సినోడు ఇంతవరకు లేడు.”

తొమ్మిదిన్నరకు రెండో పీపా తెరిచారు. పుదుచ్చేరి దొర గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశాడు. తిప్పాడు. ముక్కు లోపలికి పెట్టి వాసన చూశాడు. నోట్లో పోసుకున్నాడు. కొండలయ్య ఆయన కంఠం మీద చూపు పెట్టి నిలబడ్డాడు. కంఠం కదల్లేదు. దొర వంగి ఉమ్మాడు.

ఈసారి రెండో రకం చీజు తీశాడు. దానిలో నీలంగా బూజు ఉంది. పళ్లెం మూత తీసేసరికి వాసన బావి గట్టు దాకా వచ్చింది. కోటమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పుదుచ్చేరి దొర బూజుతోపాటు ముక్క కోసి, రొట్టెమీద పెట్టుకుని తిన్నాడు. వేళ్లు కూడా నాకాడు.

“బూజు పట్టింది మింగినాడు,” అన్నాడు కొండలయ్య. “నేను చేసింది ఉమ్మినాడు.”

“మామా, అది అట్టనే ఉండాలంట. బూజు వాళ్లే పట్టిస్తారు.”

“నువ్వింక చెప్పబాక రా. ఒక్కో మాటకు ఒక్కో మెట్టు కిందికి దిగతన్నాం.”

పుదుచ్చేరి దొర రెండో పంక్తి రాసుకున్నాడు. కార్విల్ దొర తొంగి చూడబోయాడు. వర్తకుడు పుస్తకం మూశాడు. ఈలోగా పక్కకు జరిపిన మూకుడును మోట ఎద్దుల్లో ఎడమది నాకి, నీడకు పోయి పడుకుంది. ఎండకు పడుకుందో, దేనికి పడుకుందో తెలియదు.

మూడో పీపాకు గొట్టం దిగ్గొట్టింది పది గంటలకు. కొండలయ్య సుత్తి రెండుసార్లు తప్పింది. పీపాలు నింపేముందు లోపల గంధకం పుల్ల ఒకటి వెలిగించి పొగ పెట్టడం, సారా చెడకుండా దొర నేర్పిన పని. ఈ పీపాకు మాత్రం కొండలయ్య మూడు పుల్లలు పెట్టాడు. ఇది చెడితే మళ్లీ చేయడానికి వేరే పండ్లు లేవు. మూత వేసిన తర్వాత తొమ్మిది నెలలు దాని జోలికి పోలేదు.

గ్లాసు నిండింది. పుదుచ్చేరి దొర ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వెంటనే బల్లమీద పెట్టేశాడు. కార్విల్ దొర వాసన చూసి జేబురుమాలు తీశాడు. కోడిగుడ్డు మురిగిన వాసన. కొండలయ్యకు నిలబడ్డచోటికే తెలిసింది.

దొరలిద్దరూ మాట్లాడుకున్నారు. వరప్రసాదం విన్నాడు. వినేకొద్దీ అతని మెడ కిందికి దిగింది.

“ఏమంటుండాడు?”

“వాళ్ల దేశంలో పీపా అనుమానంగా ఉంటే, చేసినోడు ముందు తాగాల్నంట. నిన్ను తాగమంటుండాడు.”

“దేంట్లో తాగేది?”

“ఈ గ్లాసులోనే.”

కొండలయ్య గ్లాసు తీసుకున్నాడు. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. దొర గ్లాసుకు తన ఎంగిలి తగిలితే దొరకు తప్పు. దొర పెదవి తగిలిందేమో తెలియని గ్లాసుకు తన పెదవి తగిలితే కోటమ్మ గుడిసెలోకి రానివ్వదు. రెంటికీ విరుగుడు ఒకటే ఉంది, దాన్ని అతను చిన్నప్పటినుంచి మంచినీళ్లకు, మజ్జిగకు, కల్లుకు వాడుతూనే ఉన్నాడు. తల వెనక్కు వంచి, గ్లాసును మూరెడెత్తున పట్టి, నోట్లోకి ధారగా పోసుకున్నాడు. గ్లాసు అంచు పలచన కనుక కొంత మీసాల మీద పడింది. మిగతాది లోపలికి పోయింది.

అతను చావలేదు. నోరు చప్పరించాడు. మళ్లీ చప్పరించాడు.

“ఎట్టుంది?” అంది కోటమ్మ బావి దగ్గర్నుంచి.

“కంపు లేదే,” అన్నాడు కొండలయ్య.

పుదుచ్చేరి దొర కుర్చీలోంచి లేచాడు. ఏదో అన్నాడు. మళ్లీ తాగమంటున్నాడని వరప్రసాదం చెప్పాడు. కోటమ్మ ఇత్తడి చెంబు తెచ్చి ఇచ్చింది. చెంబునిండా పోసి, ఈసారి కొండలయ్య చెయ్యి చాచినంత ఎత్తునుంచి ధార పట్టాడు. చెంబు చేతిలో ఉంటే ఇంక తప్పేదేమీ లేదు. ఒక్క చుక్క కింద పడలేదు. పుదుచ్చేరి దొర ఆ ధారను చెంబు మూతినుంచి గొంతు దాకా చూశాడు. అది ఆగాక దగ్గరికి వచ్చి కొండలయ్య నోటి ముందు ముక్కు పెట్టి వాసన చూశాడు.

“ఏందయ్యా ఇది!” అంది కోటమ్మ.

దొర చెంబు తీసుకున్నాడు. తానూ తల వెనక్కు వంచి పోసుకోబోయాడు. చొక్కా కాలరు, గడ్డం, ఎడమ చెవి తడిశాయి. కార్విల్ దొర జేబురుమాలు అందించాడు. వర్తకుడు రెండో ప్రయత్నం చేయలేదు. చెంబు కొండలయ్యకు ఇచ్చి, ఖాళీ గ్లాసు బల్లమీద పెట్టి, పైనుంచి దాంట్లోకి పొయ్యమని చేత్తో చూపాడు. కొండలయ్య పోశాడు. గ్లాసులోది చెంబులోకి, చెంబులోది గ్లాసులోకి, మూడుసార్లు. వేసవిలో పాలు చల్లార్చినట్టే. గంధకం కంపు గాలికి ఎగిరిపోయింది.

పుదుచ్చేరి దొర వాసన చూశాడు. ముక్కు వెనక్కు తీయలేదు. నోట్లో పోసుకున్నాడు.

కొండలయ్య కంఠం వైపు చూశాడు. కంఠం పైకి లేచి కిందికి దిగింది.

“మింగినాడు,” అన్నాడు కొండలయ్య.

“మింగినాడు మామా,” అన్నాడు వరప్రసాదం.

“మింగినాడా?” అంది కోటమ్మ.

గ్లాసు పూర్తయింది. దొర రెండో గ్లాసుకు చెంబు చూపాడు. రొట్టె అయిపోయింది కనుక కోటమ్మ పొద్దున కాల్చిన సజ్జరొట్టె ఆకులో పెట్టి ఇచ్చింది. దొర దానిమీద బూజు చీజు పెట్టుకుని, ఒక కొరుకు కొరికి, ఒక గుక్క తాగి, మళ్లీ కొరికాడు. కార్విల్ దొరకు ఒక ముక్క పెట్టాడు. కార్విల్ దొర కూడా తిన్నాడు. పుస్తకం తెరిచి వర్తకుడు ఈసారి ఒక పేజీ నింపాడు. అప్పుడు సమయం పదిన్నర.

రాయడం అయ్యాక ఒక ప్రశ్న అడిగాడు. కార్విల్ దొర నవ్వుతూ తోటవైపు చెయ్యి ఊపి, వరప్రసాదం వైపు తిరిగాడు.

వరప్రసాదం చేతిలో గుడ్డ బల్లమీద పెట్టి కొండలయ్య దగ్గరికి వచ్చాడు. “మామా. ఈ పీపా ఏ వరసలోదని అడగతండాడు. ఆ తీగ కొమ్మలు కోసుకోని పోతాడంట. ఓడలో వాళ్ల దేశానికి పంపతాడంట. మొదటి రెండు పీపాలు మామూలేనంట. ఇది మాత్రం ఆయన ఇంతవరకు యాడా తాగలేదంట.”

కొండలయ్య తోటలో వరసలవైపు ఒకసారి చూశాడు.

“పదకొండో వరస అని చెప్పు.”

“నేను అబద్ధం చెప్పను మామా. మాటిచ్చినాను.”

“నువ్వు చెప్పబాక. నేను చెప్పినాను అని చెప్పు.”

వరప్రసాదం ఆలోచించాడు. అందులో అతనికి తప్పేమీ కనిపించలేదు. దొరలవైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాడు. కొండలయ్యకు అర్థమైంది తన పేరొక్కటే. మిగతా మాటలకంటే దాన్ని గట్టిగా పలికాడని కూడా అర్థమైంది.

నలుగురూ పదకొండో వరసకు నడిచారు. పుదుచ్చేరి దొర ఒక ఆకు తెంపి వెనక్కు తిప్పి చూశాడు. లేతకొస ఒకటి గిల్లి నమిలాడు. ఉమ్మాడు. తల అడ్డంగా ఊపాడు.

“కాదంటుండాడు.”

“పొరపాటు. పన్నెండు.”

“‘పొరపాటు, పన్నెండు’ అని కొండలయ్య అంటున్నాడు,” అన్నాడు వరప్రసాదం ఇంగ్లీషులో.

పన్నెండో వరసలో దొర నమిలి ఉమ్మాడు. పదమూడో వరసలో నమిలి ఉమ్మాడు. కార్విల్ దొర నవ్వడం మానేశాడు. పద్నాలుగో వరస చివరి తీగ దగ్గర పుదుచ్చేరి దొర నమలకుండానే తల అడ్డంగా ఊపాడు. దాని అవతల కంపకంచె, కంచె అవతల కొండ.

“పదైదో వరస ఉండాదేమో చూడండి,” అంది కోటమ్మ. నీడలో పడుకున్న ఎద్దును లేపుతూ అంది.

కార్విల్ దొర వరప్రసాదం పేరు పెట్టి పిలిచి ఒక మాట అడిగాడు. చిన్న మాట.

“మామా, ఇప్పుడడిగింది నన్ను,” అన్నాడు వరప్రసాదం. “నిన్ను కాదు.”

“ఏమడిగినాడు?”

“ఆ తీగ ఈ కంచె లోపల ఉండాదా అని.”

“దగ్గు వచ్చినట్టు దగ్గు.”

“దగ్గు గూడా అబద్ధమే గదా మామా.”

కొండలయ్య అతని ముఖంలోకి చూశాడు. వరప్రసాదం కళ్లలో నీళ్లున్నాయి. దొర దగ్గర అతనికీ ఎనిమిదేళ్ల కొలువు. కొండలయ్య తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు. చెయ్యెత్తి దుర్గం దారిలో సగం ఎత్తును చూపాడు.

“ఆ ఊట కాడ. పడిపోయిన గోడ మీద. మూడో పీపా పండ్లు ఆడివి. తోటలో రెండు పీపాలకే కాసింది. తోట కొట్టేస్తాడని చేసినాను. తొమ్మిది కావళ్లు దించినాను. ఉన్నదున్నట్టు చెప్పు.”

“ఎనిమిది,” అన్నాడు వరప్రసాదం. “తొమ్మిదోది నేను మోసినాను. అదీ చెప్పాల.”

“నీది చెప్పబాక రా, పిచ్చోడా.”

వరప్రసాదం రెండూ చెప్పాడు. చెప్పడానికి మూడు నిమిషాలు పట్టింది. కార్విల్ దొర మెడ ఎర్రబడింది. ఆయన మాట్లాడేలోగా పుదుచ్చేరి దొర మాట్లాడాడు. వేలు ఒకసారి కొండవైపు, ఒకసారి కొండలయ్యవైపు, ఒకసారి చెంబువైపు చూపుతూ చాలాసేపు మాట్లాడాడు. కార్విల్ దొర విన్నాడు. జేబులోంచి గడియారం తీశాడు. వరప్రసాదంతో నాలుగు మాటలన్నాడు.

“ఏందిరా?”

“ఆ తీగ ఆడ ఉంటే తోటా ఉంటాది, నువ్వూ ఉంటావు. కొమ్మలు తెచ్చి కంచె వెంబడి పదైదో వరస నువ్వే నాటాల. నువ్వు చెప్పింది గూడా అబద్ధమైతే సాయంత్రానికి గుడిసె ఖాళీ చెయ్యాల. ఇప్పుడే పోయి చూస్తారంట.”

“అదేమన్నా నడిచిపోతాదా?” అన్నాడు కొండలయ్య. పొద్దుటినుంచి మొదటిసారి అతని గొంతు మామూలుగా వచ్చింది. “ఎవరు నాటినారో, కోట కట్టిన కాలంనాటిదో ఏందో. కరువుకే చావలేదు. రమ్మను.”

కోటమ్మ కూడా కొంగు దోపుకుని వెంట వచ్చింది. పుదుచ్చేరి దొర చెంబు తానే పట్టుకున్నాడు. పదకొండుంబావుకు అయిదుగురూ కంచె దాటారు. కొండలయ్య ముందు నడిచాడు. మొదటి మలుపు దగ్గర ఆగి, ఊట ఎక్కడుందో చేత్తో చూపాడు. రెండో మలుపు దగ్గర దొరలకు ముల్లు దిగకుండా కంప పక్కకు లాగాడు. మూడో మలుపు దగ్గర పైనుంచి ఒక మనిషి దిగుతూ కనిపించాడు. నెత్తిమీద మోపు, చేతిలో గొడ్డలి. మస్తానయ్య.

మస్తానయ్య కోటమ్మను చూసి అక్కడినుంచే మొదలుపెట్టాడు.

“తిట్టబాక అక్కా. తెల్లారినించి తిరగతానే ఉండా. ఎండుపుల్ల యాడా దొరకలా. కరువులో అందరూ ఏరకపోయినారు. ఊట కాడ గోడమీద తీగ ఒకటి అల్లుకోని ఉంటే, ఎవురిదీ గాదు గదా అని మొదలికంటా కొట్టినాను. పచ్చిది. కొంచెం పొగ పెడతాది. రెండో మోపు ఆడనే కట్టి పెట్టొచ్చినా.”

మస్తానయ్య మోపు బండమీద దించి, మెడ రుద్దుకుంటూ ఒకరి తర్వాత ఒకరి ముఖం చూశాడు.

పుదుచ్చేరి దొర వంగి మోపులోంచి ఒక కొమ్మ లాగాడు. కోసినచోట వేలు పెట్టాడు. వేలికి తడి అంటింది. కార్విల్ దొర గడియారం చూశాడు. పన్నెండు కావడానికి పది నిమిషాలుంది.